కప్పు ఎవరిది? - లష్కరు బడులు, నల్లజాతి కళాశాలల కట్టడాలు

సికింద్రాబాద్ స్టేషన్లో దిగి నాలుగడుగులు వేస్తే రెజిమెంటల్ బజార్. పేరులోనే దాని పుట్టుక వుంది. 1798 ఒప్పందంతో నిజాం రాజ్యంలో ఈస్టిండియా కంపెనీ దండు శాశ్వతంగా దిగింది. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన ఆ దండు విడిది చేసిన జాగాకి 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. జనం మాత్రం ఇవాళ్టికీ లష్కర్ అనే అంటారు. దండు వున్నకాడ దానికి చాకిరీ చేసే మనుషులు వుండాలి. గుర్రాల కాడ సయిసులు, గడ్డి కోసి మోసేవాళ్లు, జీనులూ బూట్లూ కుట్టేవాళ్లు, దొరల బంగళాల్లో బట్లర్లు, ఆయాలు, పాకీ పనివాళ్లు. పటాలాల వెంట బజార్లు పుట్టాయి. ఘాస్‌మండీ అంటే గడ్డి అమ్మిన చోటే. 1874లో రైలు వచ్చాక ఈ జనానికి రైల్వే కూలీలూ తోడయ్యారు. ఇందులో మాలలు, మాదిగలు, మద్రాసు పటాలాలతో వచ్చిన తమిళ ఆది ద్రావిడులు ఎందరో వున్నారు.

మేము ఈ గల్లీల్లో తిరిగింది దొరల బంగళాల కోసం కాదు. ఒక ప్రశ్న వెంటబెట్టుకుని తిరిగాం. ఈ మనుషుల పిల్లలు చదువుకున్న బడులు ఎక్కడ? వాటి కప్పు ఎవరిది? లష్కరు గురించి రాసేవాళ్లు పెరేడ్ గ్రౌండు గురించి రాస్తారు, క్లాక్ టవర్ గురించి రాస్తారు. దళితుల చరిత్ర రాసే మనం కూడా సభల గురించి, తీర్మానాల గురించి, నాయకుల గొడవల గురించే ఎక్కువ రాశాం. బడి ఏ జాగాలో వుండింది, ఆ జాగా కాగితం ఎవరి పేర వుండింది, గోడ ఎవరు పెట్టారు, కిరాయి ఎవరు కట్టారు అని అడగలేదు. కట్టడాన్ని చరిత్రకు ఆధారంగా చదవడం మనకింకా అలవాటు కాలేదు. ఆ పని ఎలా చెయ్యొచ్చో చూడటానికి ఈ వ్యాసంలో లష్కరునీ అమెరికా నల్లజాతి కళాశాలల్నీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాం.

26 బడులు

ముందు మన సంగతి. హైదరాబాదులో అంటరాని కులాల చదువు ఉద్యమం అంటే మాదరి భాగయ్య పేరు ముందు వస్తుంది. భాగ్యరెడ్డి వర్మగా లోకానికి తెలిసిన ఆయన (1888-1939) బారిస్టరు ఇంట్లో ఇంటి పనులు చూసే నౌకరుగా వుంటూనే చదువు నేర్చుకున్నాడు. 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్య సంఘం పెట్టాడు. మన్య సంఘమే 1920ల మొదట్లో ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. 1910లో ఇసామియా బజార్లో మొదలైన బడుల పని 1930ల నాటికి 26 బడులకూ సుమారు 2,600 మంది పిల్లలకూ పెరిగింది. రాజ్యభాష ఉర్దూ, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువూ ఉర్దూలోనే. అలాంటి చోట ఈ బడులు తెలుగులో చెప్పాయి. ఇంట్లో మాట్లాడే మాటలోనే బడి మొదలుకావడం అంటరాని పిల్లకు ఎంత అవసరమో ఆ నాయకులకు ఎవరూ చెప్పక్కర్లేదు.

లష్కరులోనూ ఈ పని సాగింది. అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకట్రావు లాంటి వాళ్లు సంఘాలు పెట్టారు. నాయకుల మధ్య తగువులు లేకపోలేదు. ఆది హిందూ సంఘాల్లో మాలల పెత్తనమే నడుస్తోందని మాదిగలు అరుంధతీయులుగా విడిగా నిలబడ్డారు. ఈ తగువుల్ని దాచిపెట్టి రాసే చరిత్ర మనకక్కర్లేదు. పి.ఆర్. వెంకటస్వామి దాచలేదు. లోపలి మనిషిగా తాను చూసిందంతా 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్' అనే రెండు భాగాల పుస్తకంలో రాసి 1955లో సికింద్రాబాదులోనే అచ్చువేశాడు. ఆ పుస్తకమే లేకపోతే ఈ ఉద్యమంలో సగం మనకు తెలిసేది కాదు.

ఐతే 26 బడుల్లో ఇవాళ మనం వేలు పెట్టి ఇదీ అని చూపించగలిగేవి ఎన్ని? చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ వుంది. సభలకూ పత్రికకూ బడికీ అది నీడ ఇచ్చింది. భాగ్యరెడ్డి వర్మ స్మారకంగా ఆడపిల్లల బడి నడిచింది అక్కడే. దాన్ని వదిలేస్తే మిగతావన్నీ సంఖ్యలుగా మిగిలాయి. కారణం వూహించడం కష్టం కాదు. చందాల మీద నడిచే బడి నెల తిరిగేసరికి పంతులి జీతానికే అల్లాడుతుంది. కట్టడం దాకా ఎప్పుడొస్తుంది? 1930ల నడుమ నిజాం ప్రభుత్వం ఈ బడుల్ని తన విద్యాశాఖ కిందకి తీసుకుంది. పంతుళ్లకు జీతం దొరికింది. బడికి పేరు పోయింది. సర్కారు రికార్డులో చేరిన రోజే అవి ఆది హిందూ ఉద్యమ చరిత్ర నుంచి బయటికి వెళ్లిపోయాయి.

సంకెళ్లమ్మి పుస్తకాలు

ఇప్పుడు అమెరికా వైపు చూద్దాం. మనకూ వాళ్లకూ చుట్టరికం కొత్తగా కలుపుకోనక్కర్లేదు. ఫూలే 1873లో గులాంగిరిని అంకితమిచ్చింది బానిసత్వ నిర్మూలనలో అమెరికా ప్రజలు చూపిన త్యాగానికే. 1946లో అంబేద్కర్ డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు, డుబోయిస్ జవాబిచ్చాడు.

అంతర్యుద్ధం 1865లో ముగిసింది. అంతకుముందు దక్షిణాది రాష్ట్రాలు చాలావాటిలో బానిసకు అక్షరం నేర్పడం నేరం. స్వేచ్ఛ వచ్చిన మర్నాడే ఆ జనం అడిగింది బడి. ఎక్కడ పెట్టాలి? కొన్ని చర్చి నేలమాళిగల్లో మొదలయ్యాయి. 1881లో అట్లాంటాలో స్పెల్మన్ కళాశాల 11 మంది ఆడవాళ్లతో ఒక నల్లవాళ్ల చర్చి నేలమాళిగలో పుట్టింది. రెండేళ్ల తర్వాత సైన్యం ఖాళీచేసిన బారకుల్లోకి మారింది. నాష్‌విల్‌లో ఫిస్క్ 1866 జనవరిలో సైనిక ఆసుపత్రి పాత బారకుల్లో తెరుచుకుంది. దండు వదిలేసిన కప్పు కింద బానిసల బిడ్డలు ఓనమాలు దిద్దారు. రెజిమెంటల్ బజార్లో నిలబడి చదివితే ఈ సంగతి మనల్ని కాసేపు కదలనివ్వదు.

ఫిస్క్ గురించి ఇంకో సంగతి చెప్తారు. బానిసల సంతలో దొరికిన తుప్పుపట్టిన సంకెళ్లను పాత ఇనుము కింద అమ్మి, ఆ డబ్బుతో అక్షరాల పుస్తకాలు కొన్నారట. కొన్నేళ్లకు బారకులు కూలే స్థితికొచ్చాయి, బడి అప్పుల్లో పడింది. 1871లో విద్యార్థుల పాటల బృందం ఒకటి వూళ్ల మీద బయలుదేరింది. అందులో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్లే. జూబిలీ సింగర్స్ అన్న పేరుతో వాళ్లు అమెరికా తిరిగారు, ఇంగ్లండు వెళ్లి రాణి ఎదుట పాడారు. తల్లులు పొలాల్లో పాడుకున్న పాటల్నే పాడారు. ఆ డబ్బుతో లేచిన జూబిలీ హాలును 1876 జనవరి 1న ప్రారంభించారు. అది ఇవాళ్టికీ నిలబడి వుంది. పాట కట్టిన భవనం అది.

కట్టడం లేస్తే సరిపోదు, దాన్ని కాపాడుకోవాలి. 1866 మే నెలలో మెంఫిస్‌లో తెల్ల మూకలు నల్లవాళ్ల మీద పడి చంపడమే కాదు, 12 బడులూ 4 చర్చీలూ తగలబెట్టాయి. బడి అంటే వాళ్లకు ఎంత కడుపుమంటో దీన్నిబట్టి తెలుస్తుంది. 1917లో బెజవాడలో పంచముల మహాసభ భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగినప్పుడు కనకదుర్గ గుడి తలుపులు మూడురోజులు మూసుకున్నారు. ఆ సభలోనే మనోళ్లు పంచములం కాదు, ఆది ఆంధ్రులం అన్నారు. అక్కడ తగలబెట్టడం, ఇక్కడ తలుపు మూయడం. కట్టడంతో మనిషిని వెలివేసే పద్ధతులు రెండూ.

మూడు బట్టీలు చెడ్డాయి

అలబామా రాష్ట్రంలో టస్కెగీ కథ మనకు ఇంకా దగ్గరగా వుంటుంది. 1881లో ఆ రాష్ట్రం నల్లపిల్లల బడికి ఏటా 2,000 డాలర్లు మంజూరు చేసింది. జీతాలకు మాత్రమే. జాగాకి గానీ కట్టడానికి గానీ పైసా లేదు. కురిస్తే కారే గుడిసెలో 30 మందితో బుకర్ టి. వాషింగ్టన్ మొదలుపెట్టాడు. తర్వాత అప్పుచేసి పాడుబడ్డ పొలమొకటి కొన్నారు. అక్కడ మిగిలిన గుర్రపుసాలనీ కోళ్లగూటినీ కడిగి తరగతులు చేశారు.

ఇటుకలు కొనడానికి డబ్బుల్లేవు. తామే చేద్దామనుకున్నారు. మొదటి బట్టీ చెడింది. రెండోదీ చెడింది. మూడోది కాలుతూ కాలుతూ కూలింది. వాషింగ్టన్ తన గడియారం కుదవబెట్టి 15 డాలర్లు తెచ్చి నాలుగోది పేర్పించాడు. అది కుదిరింది. ఇరవై ఏళ్లలో 40 కట్టడాలు లేస్తే నాలుగు తప్ప అన్నీ దాదాపు విద్యార్థుల చేతులతోనే లేచాయని ఆయనే రాసుకున్నాడు. వాటికి నమూనాలు గీసిన రాబర్ట్ ఆర్. టేలర్ కూడా నల్లవాడే. మాసచూసెట్స్‌లోని పేరున్న సాంకేతిక సంస్థ నుంచి 1892లో పట్టా పుచ్చుకున్న తొలి నల్ల విద్యార్థి ఆయనే.

ఇటుక చెయ్యడం, గోడ పెట్టడం ఆ చేతులకు కొత్త కాదు. వర్జీనియా విశ్వవిద్యాలయం కట్టడాల మీద పనిచేసింది బానిసలే. ఆ సంగతికి అక్కడ రాతి స్మారకం లేచింది 2020లో గానీ కాదు. టస్కెగీలో కొత్త విషయం ఒక్కటే: ఆ చేతులు మొదటిసారి తమ కప్పు తామే కట్టుకున్నాయి. మన సంగతీ ఆలోచించండి. మెదక్ చర్చిని 1914 నుంచి పదేళ్లు కరువు పనిగా, కూలి కింద తిండి పెట్టి కట్టించారు. పాస్నెట్ దొర పేరు అందరికీ తెలుసు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాది పడింది, 1939లో తెరిచారు. నమూనా గీసిన బెల్జియం దొర పేరు పుస్తకాల్లో వుంది. రాయి కొట్టినవాళ్ల పేరు, తట్ట మోసిన ఆడమనిషి పేరు ఏ శిలాఫలకం మీదా లేదు.

గేటు మీద పేరు

ఐతే టస్కెగీని చూసి మురిసిపోయి వూరుకుంటే పొరపాటే. ఇటుకల చదువుకు తెల్ల ధనవంతులు చందాలివ్వడానికి ఒక కారణం వుంది. చేతిపనులు నేర్చిన నల్లవాడు వోటు అడగడు, సమానత్వం అడగడు అని వాళ్ల లెక్క. డుబోయిస్ 1903లోనే ఈ బేరాన్ని ఎండగట్టాడు. ఆయన ఫిస్క్‌లో చదివినవాడు. ఇటుక కాల్చడం గౌరవమే, కానీ ఇటుక దగ్గరే ఆగిపొమ్మంటే అది కొత్త కులమే అవుతుంది. మన పిల్లలకు తోలుపనీ బుట్టలల్లకమూ నేర్పితే చాలు అన్న హరిజన సేవకుల మాట మనకు గుర్తు రాకుండా వుంటుందా?

చందా ఇచ్చినవాడి పేరు గేటుకి ఎక్కుతుంది. 1912-1932 మధ్య దక్షిణాది పల్లెల్లో దాదాపు 5,000 నల్లపిల్లల బడులు లేచాయి. వీటిని రోజెన్‌వాల్డ్ బడులంటారు. జూలియస్ రోజెన్‌వాల్డ్ చికాగో వ్యాపారి. ఆయన నిధి ఇచ్చింది 43 లక్షల డాలర్లు. పల్లెల్లోని నల్లవాళ్లు కోళ్లమ్మి, పత్తి అమ్మి, జాగా ఇచ్చి, కూలి చేసి పెట్టింది 47 లక్షల డాలర్లు. మిగతాదాంట్లో చాలావరకు పన్నుల సొమ్ము. పేదవాళ్లు పెట్టింది దాతకంటే ఎక్కువ. పేరు మాత్రం దాతది.

ఆ బడులు ఏమయ్యాయి? 1954లో సుప్రీం కోర్టు విడివిడి బడులు చెల్లవని తీర్పిచ్చింది. న్యాయమైన తీర్పే. కానీ తర్వాత సర్కారు మూసింది నల్లవాళ్ల బడుల్నే. కలవడం అంటే తెల్లపిల్లలు వీళ్ల బడికి రావడం కాదు, వీళ్లు తమ బడి వదిలి వాళ్ల బడికి పోవడం అని తేలింది. నల్ల పంతుళ్లు వేలల్లో వుద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆ 5,000 కట్టడాల్లో మిగిలినవి సుమారు 500. కళాశాలలు మాత్రం నిలబడ్డాయి. కారణం, జాగా కాగితాలు వాటి చేతిలో వున్నాయి. అవైనా సుఖంగా లేవు. 1998లో అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ లెక్క తీస్తే 103 నల్లజాతి కళాశాలల్లో 712 చారిత్రక కట్టడాల మరమ్మతుకి 75 కోట్ల 50 లక్షల డాలర్లు కావాలని తేలింది.

ఆది హిందూ బడులు నిజాం విద్యాశాఖలో కలిసిపోవడాన్ని ఈ వెలుగులో చూడాలి. సర్కారు తీసుకోవడం తప్పని మేము అనడం లేదు. అంటరాని పిల్ల చదువు ఖర్చు రాజ్యమే భరించాలన్నది ఆ ఉద్యమం కోరికే. 1940లలో బి.ఎస్. వెంకట్రావు పట్టుబట్టి నిజాం ప్రభుత్వం చేత అణగారిన కులాల చదువుకి కోటి రూపాయల నిధి పెట్టించింది ఆ కోరికతోనే. మేమనేది ఒకటే. హక్కు వచ్చినప్పుడు సంస్థ పోనక్కర్లేదు. పోయింది కాబట్టి ఎవరు పోరాడి తెచ్చారో తెలియకుండా పోయింది. తర్వాతి తరానికి సర్కారు బడి సర్కారు దయగానే కనిపించింది.

మిలింద్

ఈ సంగతి అందరికంటే బాగా పట్టుకున్నవాడు అంబేద్కర్. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టాడు. 1946 జూన్‌లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల తెరిచింది యుద్ధకాలపు సైనిక బారకుల్లోనే. ఫిస్క్ లాగానే. కానీ ఆయన బారకు దగ్గర ఆగలేదు. 1950లో ఔరంగాబాదులో కళాశాల పెట్టి, వూరి బయట విశాలమైన జాగా సంపాదించి, 1951 సెప్టెంబరు 1న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేత శంకుస్థాపన చేయించాడు. ఔరంగాబాదు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఆ కట్టడాలకు హైదరాబాద్ షెడ్యూల్డు కులాల నిధి నుంచి అప్పు అందింది. అంటే లష్కరు నాయకులు పోరాడి సాధించిన సొమ్ము కొంత మిలింద్ గోడల్లో వుంది. మన రాష్ట్ర చరిత్ర పుస్తకాల్లో ఈ సంగతి వుండదు.

పేర్లు చూడండి. దాతల పేర్లు పెట్టలేదు. ప్రశ్నలడిగిన రాజు మిలిందుడి పేరు కళాశాలకి, జవాబు చెప్పిన నాగసేనుడి పేరు తోటకి. కట్టడం పనులు ఆయనే దగ్గరుండి చూసుకునేవాడు, చెట్లు ఎక్కడ నాటాలో కూడా చెప్పేవాడు. రాజ్యాంగం రాసిన మనిషికి ఇదంత పనా అనుకునేవాళ్లకు కప్పు విలువ తెలియదు.

లష్కరులోనూ ఆ దారి పట్టినవాళ్లున్నారు. చిలకలగూడలో పుట్టి కీస్ హైస్కూల్లో చదివి టీచరైన జె. ఈశ్వరీబాయి (1918-1991) ఆ చిలకలగూడలోనే గీతా విద్యాలయం నడిపింది. రిపబ్లికన్ పార్టీ నాయకురాలిగా, శాసనసభ్యురాలిగా ఆమె గురించి రాసేవాళ్లు బడిని ఒక్క వాక్యంలో దాటేస్తారు. మా లెక్కలో ఆమె రాజకీయం మొదలైంది ఆ బడిలోనే. 1973లో జి. వెంకటస్వామి బాగ్‌లింగంపల్లిలో అంబేద్కర్ పేర కళాశాల పెట్టారు. ఇవన్నీ కలిపి ఒకచోట రాసిన చరిత్ర మనకింకా లేదు.

తాళాలు

ఇదంతా పాత ముచ్చట కాదు. 2024 అక్టోబరులో దసరా సెలవులై పిల్లలు తిరిగొచ్చేసరికి తెలంగాణలో అనేక గురుకులాల గేట్లకు తాళాలున్నాయి. నెలల తరబడి సర్కారు కిరాయి కట్టలేదని ఇళ్ల యజమానులు వేసిన తాళాలు. ఆ పిల్లలు ఎక్కువమంది దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాలవాళ్లు, మైనారిటీలు. 1910లో ఇసామియా బజార్లో బడి పెట్టినప్పటికీ ఇప్పటికీ వందేళ్లు దాటాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా మన పిల్లల కప్పు కిరాయిదే. బడ్జెట్టులో కోట్లు కనిపిస్తాయి, జాగా కాగితం కనిపించదు.

సొంత కప్పు లేనివాణ్ణి బయటికి నెట్టడం ఎంత తేలికో 2016 జనవరిలో చూశాం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అయిదుగురు దళిత విద్యార్థుల్ని హాస్టలు నుంచి వెళ్లగొట్టారు. వాళ్లు క్యాంపస్ నడిబొడ్డున గుడారం వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టారు. జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాడు. ఆ గుడారం ఇటుకా సున్నం లేని కట్టడం. కానీ ఆ విశ్వవిద్యాలయం చరిత్రలో దాన్ని మించిన కట్టడం లేదంటాం మేము. మిసిసిపీలో జాక్సన్ స్టేట్ అనే నల్లజాతి కళాశాలలో 1970 మే నెలలో పోలీసులు ఆడపిల్లల హాస్టలు మీద వందల తూటాలు కాల్చారు. ఇద్దరు యువకులు చనిపోయారు. అలెగ్జాండర్ హాలు గోడ మీద ఆ తూటాల గుర్తులు కొత్త విద్యార్థులకు చూపిస్తారు. వెలివాడ వేసిన చోట మన విద్యార్థులకు ఏం చూపిస్తాం?

కాబట్టి మేము ప్రతిపాదించే పని చిన్నది, ఓపికతో చెయ్యాల్సింది. మీ బస్తీలో, మీ వాడలో మనోళ్లు నడిపిన బడి, హాస్టలు, గ్రంథాలయం, చర్చి పక్కన సాయంకాలపు క్లాసు, ఏదైనా సరే, దాని జాగా చూడండి. కాగితం ఎవరి పేర వుందో రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడగండి. శిలాఫలకం వుంటే అక్షరం పోకుండా రాసుకోండి. చందా పుస్తకాలు, రశీదులు పాత పెట్టెల్లో వుంటాయి, చెదలు పట్టకముందే చూడండి. ఆ బడిలో చదివిన ముసలమ్మను అడిగితే కిటికీ ఎటువైపు వుండేదో, వానొస్తే ఎక్కడ కారేదో చెప్తుంది. నాయకుల పేర్లు ఆమెకు గుర్తుండకపోవచ్చు. మేస్త్రీ పేరు గుర్తుండొచ్చు. ముందు ఆ పేరు రాసుకోండి.

రెజిమెంటల్ బజార్ గల్లీలతో మేము మొదలుపెట్టాం. పాత ఇళ్లు పడగొట్టి అంతస్తులు లేపుతున్నారు. ఒక్కో గోడ పడ్డప్పుడు ఒక్కో కాగితం చినిగినట్టే. ఇటుకలు మిగలవు, తెలిసిందే. కనీసం ఎవరి ఇటుకలో రాసి పెట్టుకుందాం.